సిందూరం పూసిన మగ్గు

నేను బాయిలర్ మనిషిని. కాగితాల మీద ఏదో పెద్ద పేరు రాసి ఉంటుంది గానీ, నేవీలో నేను చేసిన పనల్లా యుద్ధనౌక అడుగున, ఎండ మొహం కనబడని చోట, మంట చూసుకుంటూ నిలబడటమే. ఆ పని చేసినవాడికి రెండు అలవాట్లు చచ్చేదాకా పోవు. ఎంత చలిలోనైనా మెడలో గుడ్డ చుట్టుకోవడం ఒకటి. చేతులు శుభ్రంగానే ఉన్నా ఊరికే తుడుచుకుంటూ ఉండటం ఇంకొకటి. ఈ రెండిటికీ మా అమ్మాయి నన్ను కసురుతూనే ఉంటుంది. "నాన్నా, ఆ గుడ్డ తీసెయ్, ఎవరైనా చూస్తే బావుండదు" అంటుంది. ఎవరు చూస్తారే, ఈ వీధిలో పగలు మనిషన్నవాడు కనబడితేగా అంటాను.

మా ఆవిడ పోయిన ఏడాదికి అమ్మాయి నన్ను వైజాగ్ నుంచి ఆక్లండ్ తీసుకొచ్చేసింది. అప్పటికి రెండువేలు దాటి నాలుగైదేళ్ళయింది. అమ్మాయీ అల్లుడూ ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. హెండర్సన్ అనే పేటలో ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళు. పొద్దున్నే ఇద్దరూ రైలెక్కి వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. వీధి చివర డెయిరీకి వెళ్ళి పాలు తెచ్చేవాణ్ణి. డెయిరీ అంటే ఇక్కడ సందు చివరి కొట్టు. మొదటిరోజు నేను గేదెల కోసం వెతుక్కున్నాను, ఆ సంగతి మా అల్లుడు ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు.

పక్కింట్లో ఒక కివీ, అంటే ఈ దేశపు తెల్ల ముసలాయన, ఒక్కడే ఉండేవాడు. ఎనభై దాటినా తన గడ్డి తనే కోసుకునేవాడు. ఒక శనివారం కోత మధ్యలో ఆయన మిషను మొరాయించింది. నేను కంచె ఇవతల నిలబడి చూస్తున్నాను. ఆయన మెడలో గుడ్డ విప్పి, చేతులు తుడుచుకుని, మళ్ళీ మెడకి చుట్టి, రెండు కొసలూ బనీను లోపలికి దోపుకున్నాడు. అలా దోపుకునేవాళ్ళు లోకంలో ఒకటే జాతి. గుడ్డ వేలాడితే తిరిగే యంత్రంలో పడుతుంది, పడితే పీక ఉండదు. నేనూ అలాగే దోపుకుని ఉన్నాను. ఆయన నా మెడ వంక చూశాడు. నేను ఆయన మెడ వంక చూశాను.

"స్టోకరువా?" అన్నాడు. ఓడల్లో బాయిలర్ వాళ్ళని అలాగే పిలుస్తారు.

"అవును. మీరు?"

"యుద్ధంలో. క్రూయిజర్ మీద."

ఆయన మాట్లాడింది ఇంగ్లీషు, నేను మాట్లాడింది నేవీ ఇంగ్లీషు, అంటే సగం తిట్లే. ఇక్కడ మాత్రం మన మాటల్లోనే రాస్తున్నాను. ఏ యుద్ధనౌక అని అడిగాను, మర్యాదకి. ఆయన పేరు చెప్పాడు. అది మా ఓడ పాత పేరు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆ ఓడ తెల్లవాళ్ళ దగ్గర్నుంచి మన చేతికి వచ్చాక మనవాళ్ళు దానికి కొత్త పేరు పెట్టారు గానీ, బాయిలర్ గదిలో ఇత్తడి పలకల మీద పాత పేరు అలాగే ఉండేది. పద్నాలుగేళ్ళు నేను రోజూ పాలిష్ పెట్టి తోమిన పేరది. ఆ పేరు ఒక మనిషి నోటివెంట వినడం అదే మొదటిసారి.

"ఏ బాయిలర్ గది?" అన్నాను.

"ముందుది."

"నాదీ ముందుదే."

ఆయన వెళ్ళి మిషను లోపల పెట్టేశాడు. ఆ వారం గడ్డి సగమే కోసి ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం కంచె దగ్గర మా మాటలు సాగేవి. కంచెకి అటు ఆయన కుర్చీ, ఇటు నా కుర్చీ. అమ్మాయి రెండు కప్పులు టీ తెచ్చి ఇచ్చేది. ఏం మాట్లాడుకునేవాళ్ళం అంటే ఏం చెప్పను. ఎడమ వైపు నాలుగో మంట ఎప్పుడూ సరిగ్గా అంటుకునేది కాదని నేనంటే, తన కాలంలోనూ అది అంతేనని ఆయన అనేవాడు. ఆ గదిలోకి దిగాలంటే రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి, తొందరపడితే మంట మొహం మీదికి తన్నుతుంది. ఆ తన్నుకి ఆయన కనుబొమ్మలు ఒకసారి పోయాయి, నావి రెండుసార్లు. పైన గాలిలో నిలబడ్డ ఆఫీసర్లకి మాతో ఒకటే పని. పొగ నల్లగా వస్తే తిట్టడం, తెల్లగా వస్తే తిట్టడం. పొగ కనబడకపోతే మేమున్నామనే గుర్తుండదు. ఈ మాట నేనంటే ముసలాయన కుర్చీ చెయ్యి మీద కొట్టి మరీ నవ్వాడు. ఇరవై ఏళ్ళ తేడా ఉన్న ఇద్దరు మనుషులు, వేరే వేరే దేశాల వాళ్ళు, ఒకే ఇనప గదిలో ఒకే తిట్లు తిన్నారు. అంత సంతోషం నాకు ఈ దేశంలో మరి దేనికీ కలగలేదు.

ఒక్క సంగతి మాత్రం నేను ఆయనకి చెప్పలేదు. దేవుడి సంగతి కదా, పరాయివాళ్ళకి చెబితే పిచ్చివాడనుకుంటారని ఊరుకున్నాను. మీకు చెప్తాను.

ఆ గదిలో ఆవిరి ఒత్తిడి చూపించే గేజీల పక్కన గోడకి వరసగా ఆరు కొక్కేలుండేవి. డ్యూటీ మీదున్నవాళ్ళు టీ మగ్గులు తగిలించుకోవడానికి. ఐదు కొక్కేలకి ఎవరి మగ్గు వాళ్ళది. ఆరోదానికి మాత్రం ఒక మగ్గు రాగి తీగతో బిగించి కట్టేసి ఉండేది. మగ్గూ కొక్కెమూ రెండూ ఎర్రగా, ఆంజనేయస్వామికి పూసినట్టు సిందూరం రంగులో ఉండేవి. నేను చేరిన మొదటిరోజు ఇదేమీ తెలియక నా మగ్గు తీసుకెళ్ళి ఆ కొక్కేనికే తగిలించాను. వెనకనుంచి చెంప మీద ఒక్కటి పడింది. చెవి గుయ్యిమంది. కొట్టినవాడు మా గదికి పెద్ద, మరాఠీ ఆయన. "అది మారుతిది" అన్నాడు. అంతకు మించి వివరం చెప్పలేదు.

మరాఠీవాళ్ళు మారుతి అనేవాళ్ళు. మలయాళీ వాడొకడు భగవతి అనేవాడు. తెలుగువాళ్ళం ఆంజనేయస్వామి అనుకునేవాళ్ళం. ఎవరి దేవుడు వాళ్ళకి. టీ కేన్ కిందికి దిగగానే మొదటి రెండు చుక్కలు ఆ మగ్గు ముందు ఇనప పలకల మీద పొయ్యాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు తాగాలి. దసరాకి ఆయుధపూజ నాడు మగ్గుకి కొత్తగా ఒక పూత. ఓడకి తుప్పు పట్టకుండా అడుగున వేసే ఎర్ర సీసం రంగు మా దగ్గర డబ్బాలకి డబ్బాలుండేది. దేవుడి సిందూరం, ఆ రంగు, రెండూ ఒకే సరుకని మాలో కాస్త చదువుకున్నవాడు చెప్పాడు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఓడ మన చేతికి వచ్చిన రోజు నుంచే ఉందనేవాళ్ళు. మనవాళ్ళు ఎర్రరంగు చూశారు, దండం పెట్టారు. ఇంకేం అడుగుతారు?

మొదట్లో నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఒకసారి తుఫానులో నీళ్ళ పంపు మొండికేసి, బాయిలర్‌లో నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టంలో నీళ్ళు కిందికి జారిపోతున్నాయి. నీళ్ళు పోతే బాయిలర్ పోతుంది, బాయిలర్ పోతే ముందు మేం పోతాం. చెయ్యాల్సింది చేస్తూనే అందరం ఆ మగ్గు వంకే చూశాం. నీళ్ళు నిలబడ్డాయి. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

ఓడ ముసలిదైపోయి ముక్కలు చెయ్యడానికి పంపించేముందు ఒక్కొక్కడూ జ్ఞాపకానికి ఏదో ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. నేను రాగి తీగ కత్తిరించి మగ్గు తెచ్చుకున్నాను. మా ఆవిడ దాన్ని చూస్తూనే చెంపలు వేసుకుని పూజ అరలో పెట్టేసింది. శనివారం శనివారం నూనెలో కలిపిన సిందూరం పూసేది. రోజూ పొద్దున్న పొయ్యి మీంచి దింపిన మొదటి టీ చిన్న గ్లాసుతో దాని ముందు పెట్టేది. "దేవుడికి టీ నైవేద్యం ఏమిటే" అంటే, "మీరే కదా అలవాటు చేశారు, ఇప్పుడు మానెయ్యమంటే ఆయన ఊరుకుంటాడా" అనేది. అమ్మాయికి ఏడో ఏట టైఫాయిడ్ వచ్చి మనిషి దక్కదన్నప్పుడు ఆవిడ తడిబట్టలతో ఆ మగ్గు ముందే కూర్చుంది, రెండు రోజులు. పిల్ల లేచింది. ఆవిడ ఆస్పత్రికి వెళ్ళిన ఆఖరి రోజు పొద్దున్న కూడా ఆ గ్లాసు పెట్టే వెళ్ళింది. సాయంత్రం నేనొక్కణ్ణీ ఇంటికి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది.

అందుకే ఆక్లండ్ వచ్చేటప్పుడు బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. హెండర్సన్ ఇంట్లో పూజకి వేరే చోటు లేక, వేడినీళ్ళ సిలిండర్ ఉండే అలమరలో పై అర ఖాళీ చేసి ఇచ్చింది అమ్మాయి. బాయిలర్ దేవుడు కదా, సిలిండర్ పక్కన వెచ్చగా ఉంటాడులే అనుకున్నాను.

ఇక ముసలాయన సంగతి. ఆ వేసవి ఆఖర్న ఒక శనివారం ఆయన టీ సగం తాగి కప్పు కింద పెట్టాడు.

"మొదటిరోజు నుంచీ నిన్ను ఒకటి అడగాలని ఉంది. జవాబు వినే ధైర్యం లేక ఊరుకున్నాను" అన్నాడు. తర్వాత చెప్పాడు.

ఆ ఓడ మీద ఆయన తమ్ముడు కూడా ఉండేవాడు. అదే గదిలో. పంతొమ్మిదేళ్ళవాడు. పసిఫిక్‌లో ఒక మధ్యాహ్నం విమానం వచ్చి బాంబు వేసింది. అది పడింది ఎక్కడో పైన. కింద ఆవిరి గొట్టం పగిలింది. అన్న ఆ పూట డ్యూటీ దిగి పడుకుని ఉన్నాడు. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. ఆవిరి అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తమ్ముడు అక్కడే పోయాడు. శవాన్ని సముద్రంలోనే దించేశారు.

వాళ్ళ నేవీలో ఒక పద్ధతి ఉండేది. మనిషి పోతే వాడి సామాను మిగతావాళ్ళు వేలంపాట పాడుకుని కొనుక్కుంటారు, ఆ వచ్చిన డబ్బు ఇంటికి పంపిస్తారు. మంచి మనసుతో చేసే పనే. చొక్కాలు, బూట్లు, చాకు, అన్నీ అలాగే వెళ్ళిపోయాయి. కానీ ఆ సంగతి తెలిసి వాళ్ళమ్మ తట్టుకోలేకపోయింది. నా కొడుకు బట్టల్లో ఇంకెవడో తిరుగుతున్నాడా అని ఉత్తరం రాసింది. అప్పటికి మిగిలింది బాయిలర్ గదిలో కొక్కేనికి వేలాడే మగ్గు ఒక్కటే. దాన్ని ఎవరూ వాడకుండా ఉండాలని, చేతికందిన ఎర్ర సీసం రంగు దానికి పూసేశాడు అన్న. ఆ రంగు విషం, పూశాక ఎవడూ తాగడు. పైన రాగి తీగతో కొక్కేనికి బిగించాడు. "తమ్ముడి మగ్గు వాడి చోటనే ఉంది, అందులో ఎవరూ తాగరు" అని అమ్మకి రాశాడు.

"ఆర్నెల్లకి నాకు ఊపిరితిత్తులు చెడి ఒడ్డున ఆస్పత్రిలో పడేశారు. ఓడ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు. మా అమ్మ ఇరవై రెండేళ్ళు బతికింది. తమ్ముడి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా అడిగేది, అది ఇంకా అక్కడే ఉందా అని. ఉందమ్మా అనేవాణ్ణి. ఎవడో నాలుగు రోజులకే తీసి సముద్రంలో పారేసి ఉంటాడని నాకు లోపల అనుమానమే. మా అమ్మకి ఇరవై రెండేళ్ళు అబద్ధం చెప్పానో నిజం చెప్పానో నాకే తెలియదు. నువ్వు పద్నాలుగేళ్ళు ఉన్నావు కదా ఆ గదిలో. ఎప్పుడైనా చూశావా?"

నోటిదాకా వచ్చింది చెప్పేద్దామని. ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను, చెబితే అడుగుతాడని భయం. అడిగితే ఇవ్వాలి. ఇస్తే మా ఆవిడ చేతి గుర్తు నాకింక ఏది? పైగా ఇదేం చోద్యం, ఇన్నేళ్ళు మేం మొక్కింది దేవుడికి కాదా?

"రంగులు చాలాసార్లు వేశారు. గుర్తు లేదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూడలేదు. "సరేలే, చాలా కాలమైంది" అన్నాడు. మిగిలిన టీ తాగకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు శనివారాలు నేను కంచె దగ్గరికి పోలేదు. మోకాలు నొప్పి అని అమ్మాయికి చెప్పాను. పొద్దున్నే అలమర తలుపు తీసి టీ పెడుతూ నన్ను నేనే అడిగేవాణ్ణి. ఎవరికి పెడుతున్నాను? దండం పెట్టబోయి ఆగేవాణ్ణి. మళ్ళీ ఎందుకొచ్చిన గొడవ అని పెట్టేవాణ్ణి. మనసు మనసులో లేదు. అన్నం దగ్గర అల్లుడు ఉప్పు అందించమంటే విసుక్కున్నాను. పాపం అతనేం చేశాడు?

మూడో శనివారం ముసలాయనే మా గుమ్మంలోకి వచ్చాడు. నడవడానికి కొత్తగా వాకర్ పట్టుకుని, దానికి ఒక సంచీ తగిలించుకుని. తన చెట్టు నిమ్మకాయలు. తనవల్ల ఏమైనా పొరపాటు జరిగిందేమో అడుగుదామని వచ్చాడట. అమ్మాయి లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. నేను గబగబా వెళ్ళి అలమర తలుపు మూసేశాను, దొంగలాగా.

ఆయన ఇల్లు అమ్మేశాడట. న్యూ లిన్‌లో వృద్ధులుండే హోమ్‌లో గది దొరికిందట. మేమూ ఖాళీ చేసేస్తున్నాం, టకానినిలో సొంతిల్లు కొనుక్కున్నామని అమ్మాయి చెప్పింది. చాలా సంతోషం అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నాతో అన్నాడు.

"నేనడిగిన దాని గురించి బాధపడకు. మా అమ్మకి నేను చెప్పింది అబద్ధమని తేలింది. తెలియకపోవడం కంటే తేలడమే నయం."

ఆ మాటకి నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆయన గేటు దాటేదాకా ఆగి, అమ్మాయికి మొత్తం చెప్పేశాను. చెప్తూ చెప్తూ దాని మీదే కేకలేశాను, తప్పంతా దానిదే అయినట్టు. "అది మీ అమ్మది. మీ అమ్మ ఇరవై ఆరేళ్ళు పూజ చేసింది. ఎవడో తెల్ల ముసలాడు అడిగాడని తీసి ఇచ్చెయ్యనా?"

అమ్మాయి నా కేకలన్నీ అయ్యేదాకా ఊరుకుంది. ఆ గుణం వాళ్ళమ్మదే. తర్వాత నెమ్మదిగా అంది. "అమ్మయితే ఇప్పుడు ఆయన్ని అలా పంపించేదా నాన్నా?"

వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చిన కూరలవాడినే మజ్జిగ తాగించకుండా పంపేది కాదు.

మర్నాడు పొద్దున్న మగ్గుని తువ్వాల్లో చుట్టుకుని, చేత్తో ఒక చిన్న ఉలి పట్టుకుని ఆయనింటికి వెళ్ళాను. గరాజ్‌లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పేపరు పరిచి తువ్వాలు విప్పాను. అది మగ్గులా లేదు. పూతల మీద పూతలు పడి గుమ్మడికాయలా లావెక్కి ఉంది. పైన మా ఆవిడ పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. ఆయనకి అదేమిటో అర్థం కాలేదు.

"మొన్న మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. "గుర్తుంది. ఇదే."

ఆయన చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "అడుగున చూడాలి. వాడు మేకుతో గీసుకున్నాడు. రెండక్షరాలు" అన్నాడు.

పూతలు గీకడం నాకు కొత్త కాదు. నేవీలో చేరిన మొదటి ఏడాది చేసిందదే. మగ్గు బోర్లించి ఉలితో అంచున తట్టాను. పెచ్చులు లేచాయి. దసరా మీద దసరా. పైన మా ఆవిడ నూనె సిందూరం మెత్తగా వచ్చింది, కింద ఓడ రంగు గట్టిగా పలకలుగా వచ్చింది. గీకుతుంటే నా కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాయి, దుమ్ము వల్ల అని చెప్పను. చివరికి తెల్ల ఎనామిల్ కనబడింది. దాని మీద రెండు అక్షరాలు, వంకర టింకరగా. రెండోదాని తోక కాస్త జారిపోయింది.

ముసలాయన ఆ జారిపోయిన తోక మీద బొటనవేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఇంత రంగు ఎవరు వేశారు?" అన్నాడు చివరికి.

ఇక దాచేదేముంది? అంతా చెప్పాను. చెంపదెబ్బ, మారుతి, దసరా పూతలు, టీ చుక్కలు, తుఫాను, మా ఆవిడ, పిల్ల జ్వరం. మీ తమ్ముణ్ణి దేవుడనుకున్నాం, కోపం తెచ్చుకోకండి అన్నాను. ఒకరోజు, ఒకే ఒక్కరోజు, ఆ కొక్కేనికి నా మగ్గు తగిలించానని కూడా ఒప్పుకున్నాను.

"ఆయన నిన్ను గట్టిగా కొట్టాడా?" అన్నాడు.

"చెవి గుయ్యిమంది."

"మంచిపని చేశాడు" అన్నాడు. అని, మగ్గుని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను పెచ్చులన్నీ పేపర్లో పొట్లం కట్టుకుని ఇంటికి వచ్చేశాను. తీసుకుంటానని ఆయన అనలేదు, ఇచ్చెయ్యమని నేనూ అనలేదు. అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత పది రోజులూ నాకు ఇల్లు ఇల్లులా లేదు. అలమర అరలో మగ్గు ఉన్నచోట గుండ్రంగా నూనె మరక మిగిలింది. పొద్దున్నే టీ పెట్టి, మొదటి గ్లాసు చేత్తో పట్టుకుని అలమర దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి నేనే తాగేసేవాణ్ణి. సహించేది కాదు. చేసింది మంచిపనే, అయినా మనసుకి నచ్చజెప్పడం నావల్ల కాలేదు. మా ఆవిడ ఇంకోసారి పోయినట్టు అనిపించింది. ఎవరితో చెప్పుకోను?

మేం ఇల్లు మారే రోజు వచ్చింది. గుమ్మంలో సామాన్ల బండి. అల్లుడూ అతని స్నేహితులూ మంచాలు మోస్తున్నారు. నేను అడ్డం రాకుండా మెట్ల మీద కూర్చున్నాను. ముసలాయన వాకర్ తోసుకుంటూ వచ్చాడు. వాకర్‌కి నిమ్మకాయల సంచీయే వేలాడుతోంది. నిమ్మకాయలే అనుకున్నాను. తీసి నా చేతిలో పెట్టాడు. మగ్గు.

"అక్కడ గదిలో కెటిల్ పెట్టుకోనివ్వరట" అన్నాడు. "పదింటికీ మూడింటికీ మనిషికో కప్పు. లెక్క. వీడికి ఎవరు పోస్తారు?"

మీ తమ్ముడిది, మీ దగ్గరే ఉండాలి అన్నాను. మనసులో మాట అది కాదు, ఆయనకీ తెలుసు.

"పది రోజులు నా వంటింట్లో పెట్టుకున్నాను. మా అమ్మకి చెప్పాల్సింది చెప్పేశాను. నిజమే చెప్పానమ్మా, ఎవ్వరూ తాగలేదు అని. నాకు అది చాలు. వాడికి ఇల్లూ వాకిలీ ఉండాలి కదా. అలవాటైన చోట ఉండనీ."

వాకర్ తిప్పుకుని వెళ్ళబోయి ఆగాడు.

"ఒక్కమాట. ఆ టీ మానెయ్యి. వాడికి టీ అంటే పరమ అసహ్యం. వాసన కూడా పడేది కాదు. వాడు తాగేది కోకో. చిక్కగా, పంచదార ఎక్కువగా."

టకానిని ఇల్లు కొత్తది. సిలిండర్ అలమర ఇంకా పెద్దది. పై అర మళ్ళీ నాదే. దసరాకి పూత వేస్తాను గానీ అడుగున ఆ రెండక్షరాలు వదిలేసి వేస్తాను. నెలకోసారి అమ్మాయి కారులో న్యూ లిన్ తీసుకెళుతుంది. ముసలాయన చూపు తగ్గింది, నేను వెళ్ళగానే నా మెడలో గుడ్డ ఉందో లేదో తడుముతాడు. "తాగుతున్నాడా?" అని అడుగుతాడు. తాగుతున్నాడు అంటాను.

పొద్దున్నే వాడికి కోకో కలిపి పెడతాను. దేవుణ్ణి పట్టుకుని వాడు అంటావేమిటి నాన్నా అంటుంది అమ్మాయి. పంతొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి ఇంకేమనాలే? ఓడ మీద ముప్పై ఏళ్ళు, మా ఇంట్లో మరో ఇరవై ఆరేళ్ళు, వాసన కూడా పడని టీ తెచ్చి వాడి ముందు పోశాం. అయినా వాడు గొట్టంలో నీళ్ళు నిలబెట్టాడు. నా బిడ్డ జ్వరం దించాడు.